మత్తు ఆరంభంలో రక్తపోటు పతనం, నివారణ

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు రోగి నిద్రలోకి జారిన క్షణం నుంచి సర్జన్ కోత పెట్టే దాకా సాధారణంగా పది ఇరవై నిమిషాలు పడుతుంది. ఆపరేషన్ మొత్తంలో రక్తపోటు పడిపోయే అవకాశం బాగా ఎక్కువగా ఉండే ఘట్టాల్లో ఇదొకటి. థియేటర్ భాషలో దీన్ని ఇండక్షన్ హైపోటెన్షన్ అంటారు. ‘బీపీ డ్రాప్ అయింది’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. అప్పటికి ఒంటి మీద కోత పడలేదు, రక్తం పోలేదు. పతనానికి ముఖ్య కారణం మత్తు మందు, దాన్ని ఇచ్చిన తీరు, రోగి ఒంట్లో అప్పటికే ఉన్న లోటు. ఈ మూడూ మత్తు డాక్టరుకు ముందుగానే తెలిసే విషయాలు. అందుకే శస్త్రచికిత్సలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు నివారించగలిగినది ఇదే.

ఎంత పడితే పడినట్టు?

దీనికి అందరూ ఒప్పుకున్న ఒక్క గీత లేదు. వైద్య సాహిత్యంలో ఉన్న 140 నిర్వచనాలను 2007లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒకే రోగుల సమూహానికి వర్తింపజేసి చూశారు. నిర్వచనాన్ని బట్టి రక్తపోటు పడిన వారి సంఖ్య నూటికి 5 నుంచి 99 దాకా మారింది. వాడుకలో రెండు కొలతలు నిలిచాయి. ఒకటి, సగటు ధమనీ పీడనం 65 మిల్లీమీటర్ల పాదరసం కన్నా తగ్గడం. రెండోది, రోగి మామూలు రక్తపోటు నుంచి 20 లేదా 30 శాతం తగ్గడం. సగటు పీడనం అంటే పై అంకె, కింది అంకెల నడిమి విలువ కాదు. గుండె ముడుచుకునే సమయం కన్నా సడలే సమయం ఎక్కువ కాబట్టి అది కింది అంకెకు దగ్గరగా ఉంటుంది. 120/80 ఉన్న మనిషికి సగటు సుమారు 93.

రోగి మామూలు బీపీ ఎంతో తెలుసుకోవడంలోనే తరచూ పొరపాటు జరుగుతుంది. థియేటర్ బల్ల మీద భయంతో పడుకున్నప్పుడు వచ్చిన 160 ఆ మనిషి అసలు అంకె కాదు. వార్డులో ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు మూడు సార్లు చూసిన అంకెలే లెక్కలోకి తీసుకోవాలి.

మెదడు, గుండె, మూత్రపిండాలు రక్తపోటు కొంత హెచ్చుతగ్గులైనా తమ వాటా రక్తాన్ని తామే సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుకు ఒక అడుగు మట్టం ఉంటుంది. ఏళ్ళ తరబడి అధిక రక్తపోటు ఉన్నవారిలో ఆ మట్టం పైకి జరుగుతుంది. ముప్పై ఏళ్ళ మనిషి తట్టుకునే 60, డెబ్భై ఏళ్ళ బీపీ రోగికి చాలకపోవచ్చు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 33,330 శస్త్రచికిత్సలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సగటు పీడనం 55 కన్నా తక్కువగా ఉన్న వ్యవధి అయిదు నిమిషాల లోపే అయినా మూత్రపిండాలు, గుండె కండరం దెబ్బతినే అవకాశం పెరిగింది. ఈ నష్టం బల్ల మీద కనిపించదు. రెండో రోజో మూడో రోజో మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ పెరగడంగా, గుండె కండరానికి చేసే ట్రోపోనిన్ పరీక్షలో తేడాగా బయటపడుతుంది. అప్పటికి రోగి వార్డులో వేరే వైద్యుల చేతుల్లో ఉంటాడు, కారణం థియేటర్‌లో గడిచిన నాలుగు నిమిషాలేనని ఎవరికీ తట్టదు. ఇలాంటి అధ్యయనాలు చూపేది సంబంధాన్నే, కారణాన్ని రుజువు చేయవు. కానీ నివారణ ఖర్చు తక్కువ, నష్టం పెద్దది కాబట్టి జాగ్రత్త పడటమే న్యాయం.

ఎందుకు పడుతుంది?

రక్తపోటును మూడు విషయాలు నిలబెడతాయి: గుండె నెట్టే బలం, రక్తనాళాల బిగువు, గొట్టాల్లో ఉన్న రక్త పరిమాణం. మెలకువగా ఉన్న మనిషిలో సానుభూతి నాడీ వ్యవస్థ ఈ మూడింటినీ క్షణక్షణం సరిచూస్తూ ఉంటుంది. మత్తు మందు మొదట అదుపు చేసేది ఆ నాడీ వ్యవస్థనే. ధమనులు వదులవుతాయి. అంతకన్నా ముఖ్యంగా సిరలు వదులై రక్తం కాళ్ళలో, పొట్టలో నిలిచిపోతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. వచ్చింది తక్కువైతే గుండె పంపేదీ తక్కువే. మామూలుగా పీడనం పడగానే నాడి వేగం పెరిగి సర్దుకోవాలి. ప్రొపోఫాల్ ఆ ప్రతిస్పందనను కూడా మొద్దుబారుస్తుంది. బీపీ పడుతున్నా నాడి పెరగకపోవడం అందుకే.

దీనికి తోడు గొంతులో ట్యూబు వేసి యంత్రంతో శ్వాస ఇవ్వడం మొదలవుతుంది. మామూలు శ్వాసలో ఛాతీ లోపల పీడనం తగ్గి, రక్తం గుండె వైపు లాగబడుతుంది. యంత్రం గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి ఆ లాగుడు పోయి ఎదురు ఒత్తిడి వస్తుంది. ఒంట్లో నీరు సరిపడా ఉన్నవాడికి ఇది పెద్ద లెక్క కాదు, ఎండిపోయి ఉన్నవాడికి ఇదే ఆఖరి దెబ్బ అవుతుంది.

సాధారణంగా పతనం రెండు మెట్లుగా వస్తుంది. మందు ఇచ్చిన రెండు మూడు నిమిషాలకు మొదటిది. ట్యూబు వేసేటప్పుడు గొంతులో కలిగే ఉద్దీపన వల్ల పీడనం కాసేపు లేస్తుంది. ఆ లేవడాన్ని చూసి ధైర్యపడి వాయు మత్తును పెంచేస్తారు. తర్వాత చర్మం శుభ్రం చేసి, గుడ్డలు పరిచి, సర్జన్ చేతులు కడుక్కుని వచ్చే దాకా ఏ ఉద్దీపనా ఉండదు. రెండో మెట్టు అక్కడ వస్తుంది.

హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు

మత్తుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని యంత్రంతో కొలిచి తేల్చాలన్న తొలి భారీ ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాదులోనే జరిగింది. ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. గుండె ఆగి పోయిందా, శ్వాస ఆగి పోయిందా అన్న వాదం అప్పుడు మొదలై అరవై ఏళ్ళు నడిచింది. లండన్ వైద్యులు నాడి పట్టుకుని చూడమన్నారు. ఎడిన్‌బరో వైద్యులు శ్వాస చూస్తే చాలన్నారు.

ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. హైదరాబాదు మెడికల్ స్కూలుకూ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికీ ఆయనే పెద్ద. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక అండతో 1888లో మొదటి కమిషన్ వీధికుక్కల మీద ప్రయోగాలు చేసింది. ప్రతిసారీ శ్వాసే ముందు ఆగిందనీ, గుండె తర్వాతే ఆగిందనీ తేల్చింది. లండన్ పత్రిక లాన్సెట్ దీన్ని నమ్మలేదు. ప్రయోగాలు తిరిగి చేయించడానికి ఒక ప్రతినిధిని పంపమని నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు. క్లోరోఫాం గుండెకు ప్రమాదమని అంతవరకూ నమ్మిన లాడర్ బ్రంటన్‌నే లాన్సెట్ పంపింది. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండో కమిషన్ పనిచేసింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి దాదాపు 500 జంతువులు. వాటిలో కొన్నింటికి ధమనిలో గొట్టం పెట్టి, తిరిగే డ్రమ్ము మీద రక్తపోటు గీతను నమోదు చేశారు. ఈనాడు ప్రమాదకరమైన రోగికి మణికట్టు దగ్గర పెట్టే ఆర్టీరియల్ లైను మూలసూత్రం ఇదే.

ఆ గీతల్లో క్లోరోఫాం లోతు పెరిగే కొద్దీ పీడనం మెట్టుమెట్టుగా దిగడం స్పష్టంగా కనిపించింది. కమిషన్ దాన్ని చూసింది, కొలిచింది. కానీ రక్తపోటు తగ్గడం తనంతట తాను ప్రమాదం కాదని నిర్ధారించింది. బ్రంటన్ తన పాత అభిప్రాయం మార్చుకున్నాడు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ క్లోరోఫాం కలిసిన రక్తం గుండెను నేరుగా బలహీనపరుస్తుందని చూపారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని నిరూపించాక వాదం ముగిసింది.

శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న లారీ బోధ మంచిదే. దాని వల్ల ప్రాణాలు నిలిచి ఉంటాయనడంలో సందేహం అక్కరలేదు. పొరబడింది రక్తపోటు విషయంలో. కుక్క బతికిందా చచ్చిందా అన్నదే ఆ ప్రయోగాలకు కొలబద్ద. మూడో నాడు మూత్రపిండం ఎలా ఉందో చూసే పరీక్ష ఆనాటికి లేదు. కొలవడం ఒకటి, కొలిచినదానికి సరైన అర్థం చెప్పుకోవడం మరొకటి అనడానికి అఫ్జల్‌గంజ్ ప్రయోగాల కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆ కాలంలోనే లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదు మెడికల్ స్కూలులో చదివి, 1889 నుంచి నగరంలోని ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చాలామంది గుర్తిస్తారు. మత్తుకు సంబంధించిన శాస్త్రాలు చదవడానికి 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్ళారు. ఆమె చేతిలో ఉన్నవి క్లోరోఫాం సీసా, గుడ్డ, తన కళ్ళు, తన వేళ్ళు. చేతికి చుట్టే బీపీ పట్టీని ఇటలీలో రివా-రోచి రూపొందించింది 1896లో. దాన్ని ఇటలీలో చూసి అమెరికా థియేటర్లలోకి హార్వే కుషింగ్ తీసుకెళ్ళింది 1901లో. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ధ్వంసమైంది. దాని వారసురాలే ఉస్మానియా ఆసుపత్రి.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

2005లో న్యూయార్క్ వైద్యులు 4,096 మంది రికార్డులు పరిశీలిస్తే, మత్తు ఇచ్చిన తొలి పది నిమిషాల్లో నూటికి 9 మందికి తీవ్రంగా బీపీ పడింది. యాభై దాటిన వయసు, అప్పటికే తీవ్రమైన జబ్బులు ఉండటం, మొదటే సగటు పీడనం 70 లోపు ఉండటం, ప్రొపోఫాల్ వాడకం, ఫెంటనిల్ మోతాదు పెరగడం దీన్ని ముందుగా సూచించాయి. తెలుగు నేల మీద ఈ జాబితాకు ముందుగా చేర్చాల్సింది మధుమేహం. పదిహేను ఇరవై ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో గుండెకూ రక్తనాళాలకూ వెళ్ళే నరాలు దెబ్బతింటాయి. అలాంటి మనిషి చూడటానికి బాగానే ఉంటాడు, ఈసీజీ కూడా బాగానే ఉండవచ్చు. మత్తు పడగానే మాత్రం పీడనం కుప్పకూలుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరీక్షలు అక్కరలేదు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు ఇంకోసారి బీపీ చూస్తే చాలు. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడితే జాగ్రత్త పడాలి. ‘లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న ఒక్క మాట చాలా చెబుతుంది.

గుండె కవాటాలు ఇరుకైనవారు మరో వర్గం. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైనవారు ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ముసలితనంలో అయోర్టిక్ కవాటం బిగుసుకుపోయినవారిలో రక్తనాళాలు ఒక్కసారిగా వదులైతే గుండె ఆ లోటును పూడ్చలేదు. పేగు చిల్లుపడి విషం ఒళ్ళంతా పాకినవారు, తుంటి ఎముక విరిగి రెండు రోజులుగా సరిగా తినక తాగక పడి ఉన్న వృద్ధులు, లోపల రక్తం కారుతున్న ప్రమాద బాధితులు అందరికన్నా ప్రమాదంలో ఉన్నవారు. హైదరాబాదులోని ఉప్పల్ నుంచి సాగే వరంగల్ రహదారి లాంటి రద్దీ దారి మీద గాయపడి వచ్చిన యువకుడికి బీపీ 110 ఉందని నిశ్చింత పడకూడదు. ఆ 110ని నిలబెట్టింది సానుభూతి నాడీ వ్యవస్థ ఆఖరి బలం. మత్తు దాన్నే తీసేస్తుంది. నాడి సంఖ్యను పై బీపీ అంకెతో భాగించి చూడటం ఇక్కడ పనికొచ్చే చిన్న లెక్క. ఆరోగ్యవంతుల్లో అది 0.5 నుంచి 0.7 దాకా ఉంటుంది. 0.9 దాటితే ఒంట్లో లోటు ఉందనే అర్థం.

ముందురోజు పని: మాత్రలు, పస్తు

మత్తుకు ముందు చేసే పరీక్షను ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు, జనం వాడుకలో ‘మత్తు డాక్టరు ఫిట్‌నెస్’. నివారణలో సగం పని ఇక్కడే జరుగుతుంది. బీపీ మాత్రల విషయం తేల్చాల్సింది ఇక్కడే. తెలుగు ఇళ్ళలో చాలామంది వేసుకునే టెల్మిసార్టాన్, లోసార్టాన్ జాతి మందులు, రామిప్రిల్, ఎనలాప్రిల్ జాతి మందులు రక్తనాళాలను బిగబట్టే ఒక ముఖ్యమైన దారిని మూసేస్తాయి. మత్తు ఇంకో దారిని మూస్తుంది. రెండూ మూసుకుపోతే పడిన బీపీ మామూలు మందులకు త్వరగా లేవదు. ఆపరేషన్‌కు ముందు వీటిని ఆపాలా వద్దా అన్న చర్చ చాలాకాలం సాగింది. ఫ్రాన్స్‌లో 2,222 మంది మీద జరిపి 2024లో ప్రచురించిన పరిశోధనలో, మందు కొనసాగించినవారిలో నూటికి 54 మందికి, రెండు రోజుల ముందు ఆపినవారిలో 41 మందికి ఆపరేషన్‌లో బీపీ పడింది. మరణాలు, పెద్ద చిక్కులు మాత్రం రెండు వైపులా నూటికి 22గానే తేలాయి. కాబట్టి ఒకరోజు ముందు ఆపడం సమంజసమే గానీ, పొరపాటున వేసుకున్నవారి ఆపరేషన్ వాయిదా వేయనక్కరలేదు. గుండె బలహీనత కోసం ఆ మందు వాడేవారి విషయం వేరుగా ఆలోచించాలి.

అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మందులు రోజూ వాడేవారు వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు. మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు ఆ ఉదయం సాధారణంగా వద్దంటారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగరు మాత్రలను మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. దానికి ముఖ్య కారణం రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం. ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టడం వాటి మరో గుణం.

పస్తు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. రాత్రి పన్నెండు తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దని చెప్పడం చాలా చోట్ల ఇంకా అలవాటు. ఉదయం మొదటి కేసుగా అనుకున్నది మధ్యాహ్నం రెండింటికి మారితే, ఆ రోగి పద్నాలుగు గంటలు నీళ్ళు లేకుండా ఉంటాడు. మే నెల ఎండలో, ఫ్యాను కింద, డెబ్భై ఏళ్ళ మనిషికి అది చిన్న శిక్ష కాదు. తేలికపాటి ఆహారానికి ఆరు గంటలు, మంచినీళ్ళకు రెండు గంటలు చాలన్నది ఇరవై అయిదేళ్ళకు పైగా ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. పొట్ట ఖాళీ కావడంలో ఇబ్బంది లేని రోగి, మత్తుకు రెండు గంటల ముందు దాకా గ్లాసెడు నీళ్ళు తాగవచ్చు. మజ్జిగ, పాలు కలిపిన టీ మాత్రం నీళ్ళ లెక్కలోకి రావు. థియేటర్ జాబితా మారినప్పుడు వార్డుకు ఫోను చేసి ‘ఆయనకు నీళ్ళు ఇవ్వండి’ అని చెప్పడం ఖర్చులేని నివారణ.

మందు ఎంపిక, అంతకన్నా ముఖ్యంగా మోతాదు

ప్రొపోఫాల్ పాలలా తెల్లగా ఉండే మందు. పశువైద్యుడిగా జీవితం మొదలుపెట్టిన జాన్ గ్లెన్ పరిశోధనతో బ్రిటన్‌లో 1986లో వాడుకలోకి వచ్చింది. ఆయనకు 2018లో లాస్కర్ పురస్కారం దక్కింది. త్వరగా నిద్ర, తేలికగా మెలకువ, వాంతులు తక్కువ. దాని గుణాలు అన్నీ ఇన్నీ కావు. ముఖ్య దోషం, పాత థయోపెంటోన్ కన్నా ఎక్కువగా బీపీని దించడం. ఆరోగ్యంగా ఉన్న యువకులకు కిలో బరువుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు పుస్తకం చెప్పే మోతాదు. యాభై అయిదు దాటినవారికీ, జబ్బుపడ్డవారికీ అది 1 నుంచి 1.5 మాత్రమే.

అసలు చిక్కు యాంపూల్ దగ్గర మొదలవుతుంది. ఒక యాంపూల్‌లో 20 మిల్లీలీటర్లు, అంటే 200 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరంజీలోకి ఎక్కించాక మొత్తం నెట్టేయాలన్న తొందర చేతికి సహజం. అరవై కిలోల వృద్ధురాలికి 60 నుంచి 80 మిల్లీగ్రాములు సరిపోవచ్చు. వయసు మీద పడ్డవారిలో చేతి నరంలో ఎక్కించిన మందు మెదడుకు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇంకా కళ్ళు మూయలేదని మరో విడత నెడితే, రెండు విడతలూ కలిసి గుండె మీద పడతాయి. పది ఇరవై మిల్లీగ్రాముల చొప్పున ఇస్తూ, ప్రతి విడతకూ ఆగి, పిలిచి, కనురెప్ప తాకి చూస్తూ పోవడమే సరైన పద్ధతి. మెదడు విద్యుత్ తరంగాలతో మత్తు లోతు చూపే యంత్రం ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా ఓపికతో ఆ పని చాలావరకు జరుగుతుంది. బీపీ పతనాన్ని తగ్గించే జాగ్రత్తలన్నింటిలో ఇంత చౌకైనది, ఇంత బాగా పనిచేసేది మరొకటి లేదు.

ముందుగా కొద్దిగా ఫెంటనిల్, మిడజోలామ్ ఇస్తే ప్రొపోఫాల్ అవసరం తగ్గుతుంది. ప్రొపోఫాల్‌ను నిజంగా తగ్గించకపోతే మాత్రం మూడు మందుల దెబ్బా కలిసి పడుతుంది. కెటమిన్ సానుభూతి నాడిని ఉత్తేజపరచి పీడనాన్ని నిలబెడుతుంది. కెటమిన్, ప్రొపోఫాల్ రెండింటినీ తక్కువ మోతాదుల్లో కలిపి వాడటం మన థియేటర్లలో మామూలే. రోజుల తరబడి జబ్బుతో పోరాడి శక్తి అయిపోయినవారిలో కెటమిన్ కూడా గుండెను బలహీనపరచగలదని గుర్తుంచుకోవాలి. ఎటొమిడేట్ కిలోకు 0.2 నుంచి 0.3 మిల్లీగ్రాముల మోతాదులో బీపీని దాదాపు కదిలించదు. కానీ అది అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ తయారీని కొన్ని గంటలపాటు అడ్డుకుంటుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకినవారికి దాన్ని ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. ఏ మందైనా సరే, చావుబతుకుల్లో ఉన్న రోగికి పూర్తి మోతాదు ఇస్తే రక్షించదు.

సెలైన్ ముందే ఎక్కిస్తే?

సీసా సెలైన్ ఎక్కించి మత్తు ఇస్తే బీపీ పడదన్న నమ్మకం పాతది, సగమే నిజం. నీటి లోటు ఉన్నవారికి ఆ లోటు తీర్చడం తప్పనిసరి. లోటు లేనివారికి అర లీటరు ఎక్కించినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే సిరలు వదులైనప్పుడు ఆ నీరు కూడా వాటిలోనే నిలిచిపోతుంది. తీవ్రంగా జబ్బుపడి ట్యూబు వేయించుకుంటున్న ఐసీయూ రోగులు 1,065 మందిపై జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో, ముందుగా 500 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించినవారిలో 21 శాతం మందికి, ఎక్కించనివారిలో 18.2 శాతం మందికి రక్తప్రసరణ కుప్పకూలింది. తేడా లేదనే చెప్పాలి. ఎవరికి లోటు ఉందో అల్ట్రాసౌండ్‌తో పొట్టలోని పెద్ద సిరను చూసి పట్టుకోవచ్చు. శ్వాసతో పాటు ఆ సిర 43 శాతానికి మించి ముడుచుకునేవారిలో మత్తు తర్వాత బీపీ పడే అవకాశం ఎక్కువని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. యంత్రం లేని చోట రోగి కాళ్ళను పైకి లేపి పట్టుకుని పీడనం పెరుగుతుందేమో చూడటం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

పీడనం లేపే మందులు

ప్రమాదం ఉన్న రోగికి మత్తు మొదలుపెట్టే ముందే పీడనం లేపే మందు సిరంజీలో పలచన చేసి, పేరు రాసి, చేతికందే చోట ఉండాలి. బీపీ పడ్డాక యాంపూల్ విరిచి, సెలైన్ కలిపి, సిరంజీలోకి తీసే రెండు నిమిషాలూ రోగివి. భారతదేశంలో ఎక్కువగా కనిపించేది మెఫెంటెర్మిన్. 3 నుంచి 6 మిల్లీగ్రాములు ఇస్తే నాడి, పీడనం రెండూ పెరుగుతాయి. ఒంట్లో నిల్వ ఉన్న నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేయించి ఇది పనిచేస్తుంది కాబట్టి, మళ్ళీ మళ్ళీ ఇచ్చే కొద్దీ ఫలితం తగ్గుతుంది. కండల కోసం ఇదే మందును దొంగచాటుగా పొడిపించుకునే కుర్రాళ్ళు ఉన్నారు. వారికి ఇది సరిగా పనిచేయకపోవచ్చు. జిమ్ముకు వెళ్ళే యువకుడిని నిందించకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగి తెలుసుకోవాలి.

ఫెనైలెఫ్రిన్ నేరుగా రక్తనాళాలను బిగిస్తుంది, 50 నుంచి 100 మైక్రోగ్రాములు చాలు. నాడి వేగం కొంత తగ్గిస్తుంది కాబట్టి నాడి అప్పటికే నెమ్మదిగా ఉన్నవారికి తగదు. బాగా పలచన చేసిన నార్‌అడ్రినలిన్ వాడకం కొన్నేళ్ళుగా పెరుగుతోంది. అది నాళాలను బిగిస్తూనే గుండెకు కొంత ఊతం ఇస్తుంది. ప్రమాదం ఎక్కువ ఉన్న వృద్ధులకు దాన్ని మత్తుతోపాటే చుక్కచుక్కగా మొదలుపెట్టడం, పడ్డాక లేపడం కన్నా మేలు. 2017లో వెలువడిన ఫ్రెంచి పరిశోధనలో, రోగి సొంత బీపీకి 10 శాతం అటూ ఇటూ దాటకుండా నార్‌అడ్రినలిన్‌తో నిలబెట్టినవారిలో 38 శాతం మందికి, మామూలు పద్ధతిలో చూసినవారిలో 52 శాతం మందికి అవయవాలు దెబ్బతిన్నాయి. అయితే పీడనాన్ని ఇంకా ఎత్తులో ఉంచితే ఇంకా మేలన్నది నిజం కాదు. 7,490 మందిపై జరిపిన మరో అంతర్జాతీయ పరిశోధనలో సగటును 80కి పైన ఉంచాలని చూసినా, 60కి పైన ఉంచినా గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల్లో తేడా కనిపించలేదు.

కనిపెట్టుకుని ఉండటం

బీపీ పడిన సంగతి తెలియకపోతే ఏ మందూ ఉపయోగపడదు. బీపీ పట్టీని అయిదు నిమిషాలకోసారి కొలిచేలా వదిలేస్తే, పతనం మొదలై ముగిసేదాకా ఒక్క అంకె కూడా రాకపోవచ్చు. మందు ఇచ్చినప్పటి నుంచి కోత దాకా నిమిషానికోసారి కొలిచేలా పెట్టాలి. పట్టీ ఒక చేతికి, సెలైన్ సూది మరో చేతికి ఉండాలి. రెండూ ఒకే చేతికి ఉంటే పట్టీ బిగుసుకున్న ప్రతిసారీ మందు ఆగిపోతుంది, అంకె రాకముందే ఇంకో విడత వెళ్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపి మోసగిస్తుంది. గుండె కవాటం జబ్బు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, పెద్ద రక్తస్రావం ఉన్నవారికి ఆర్టీరియల్ లైను మత్తుకు ముందే, కాస్త స్థానిక మత్తు ఇచ్చి పెట్టడం మంచిది. నిద్రపోయాక పెడదామనుకుంటే దానితో చూడాల్సిన పతనం అప్పటికే గడిచిపోతుంది.

ట్యూబు పడ్డాక వాయు మత్తును తేలిగ్గా ఉంచి, సర్జన్ కత్తి అందుకునే వేళకు పెంచాలి. యంత్రపు శ్వాసలో గాలి పరిమాణం, పీడనం మితంగా ఉండాలి. అవకాశం ఉంటే మత్తు మొదలయ్యే ముందే చర్మం శుభ్రం చేసి గుడ్డలు పరవడం కొన్ని అత్యవసర కేసుల్లో ప్రాణం నిలుపుతుంది.

రోగి చేతిలో ఉన్నది

హైదరాబాదులో చెంగిచెర్ల, బోడుప్పల్, ఉప్పల్ వైపు ఉండేవారికి దగ్గరలో నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. వరంగల్ రహదారి మీద బీబీనగర్ ఎయిమ్స్, నగరంలో గాంధీ, ఉస్మానియా ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులు వీధివీధికీ ఉన్నాయి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా రోగి చరిత్ర తెలిసేది రోగి చెప్తేనే. ‘బీపీకి ఒక చిన్న మాత్ర వేసుకుంటాను’ అంటే మత్తు డాక్టరుకు ఏమీ తెలియదు. మాత్రల షీట్లన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్ళాలి. నిలబడితే కళ్ళు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, రెండు మూడు రోజులుగా విరేచనాలు లాంటివి అడగకపోయినా చెప్పాలి. ఆపరేషన్ రోజు ఉదయం ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి, నీళ్ళు ఎన్నింటి దాకా తాగవచ్చు అన్న మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోవాలి.